రాతి మీద కవిలె

మఠం అన్న మాట మన ఆడవాళ్ళ నోట రోజుకి ఒక్కసారైనా వస్తుంది. పిల్లవాడు కంచం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటే, "సరిగ్గా మఠం వేసుకుని కూర్చోరా" అంటాం. పనీ పాటా లేకుండా తిరిగే మేనల్లుడి సంగతి ఎవరైనా అడిగితే, "వాడికేమమ్మా, సత్రం భోజనం, మఠం నిద్ర" అంటాం. అంతకు మించి మఠాలతో మనకి పేచీ లేదు, పూచీ లేదు. మఠమంటే కాషాయం కట్టిన స్వాములవారు, పాదపూజ, పళ్ళెంలో దక్షిణ, చేతిలో నాలుగు అక్షతలు. ఆడవాళ్ళు దూరాన నిలబడి దండం పెట్టుకుని వచ్చేసే చోటు.

ఇప్పటి మఠాల మంచిచెడ్డలు చెప్పడానికి నేను పూనుకోలేదు. ఒకప్పటి మఠం ఏం చేసేదో, అందులో ఎవరెవరు ఉండేవారో, వచ్చిన ఆదాయంలో ఎవరి వాటా ఎంతో ఓపిగ్గా చెప్పే పద్దు ఒకటి మన తెలుగునాట ఉంది. దాని వయస్సు 760 ఏళ్ళ పైమాటే. ఆ మఠానికి ఊళ్ళు రాసిచ్చింది ఒక ఆడమనిషి. ఆ పద్దులో ప్రసూతిశాల ఉంది. ఈ ఒక్క ముక్క కోసమైనా దాన్ని మనబోటివాళ్ళం చదవాలని నా పట్టుదల.

దాని పేరు మల్కాపురం శాసనం. 1261లో వేయించారు. చరిత్ర పుస్తకాల్లో రెండు మూడు వాక్యాల్లో తేల్చేస్తుంటారు. నేను దాన్ని చరిత్ర పాఠంలా కాకుండా, ఒక రచనలా చదివి ఎలా ఉందో చెబుతాను. వంట బాగుందో లేదో చెప్పడానికి నలభీములే అయివుండాలా ఏమిటి?

మల్కాపురం అనేది గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున మందడం గ్రామాన్ని అంటిపెట్టుకుని ఉన్న చిన్న పల్లె. సికింద్రాబాదులో రాత్రి బండెక్కితే తెల్లవారేసరికి బెజవాడ. మా వదినకి కనకదుర్గమ్మ మొక్కు ఉంది. నాకు మల్కాపురం మొక్కు ఉంది. రెండూ కలిపి ఒకే టిక్కెట్టుతో తీర్చుకున్నాం. అమ్మవారి దర్శనం చేసుకుని, ప్రకాశం బ్యారేజి దాటి, కరకట్ట మీదుగా వెళ్ళాం. దారిలో ఉండవల్లి గుహలు వస్తాయి. కొండని అంతస్తులు అంతస్తులుగా తొలిచి, లోపల అనంతశయనుణ్ణి నిండు విగ్రహంగా పడుకోబెట్టారు. ఆ రాతి పనికి మా వదిన నోరు తెరుచుకుని నిలబడిపోయింది. అక్కడికీ నేను చెబుతూనే ఉన్నాను, "మనం చూడబోయేది ఇలా ఉండదు వదినా" అని.

ఉండలేదు మరి. అక్కడ ఉన్నది మనిషికి రెండింతలు మించిన నల్లరాతి స్తంభం. పైన ఒక నంది కూర్చుని ఉంటాడు. స్తంభం నాలుగు ముఖాల నిండా అక్షరాలు. గదులూ, వసారాలూ, పాఠశాలా, వంటశాలా ఏవీ లేవు.

"మఠం ఏదే?" అంది వదిన.

"ఇదే వదినా."

"ఇది స్తంభం కదుటే! దీనికోసమా ఇంత ఎండలో నన్ను తిప్పావు?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. కట్టడాన్ని చూడబోయినవాళ్ళకి కట్టడం కనబడకపోతే ఎలాగ? అందుకని ముందు కట్టడం సంగతి చెప్పి, తరువాత అక్షరాల దగ్గరికి వస్తాను.

మందడంలో వెలిసిన మఠం పేరు గోళకీ మఠం. దాని పుట్టిల్లు మన దేశం కాదు, నర్మదకీ గంగకీ నడుమనున్న డాహల దేశం, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు. అక్కడి కలచురి రాజులు శైవాచార్యులకి మఠాలు కట్టించి ఇచ్చారు. ఆ కాలపు మఠం ఒకటి ఇప్పటికీ సీధీ జిల్లాలో చంద్రేహి అనే చోట నిలిచి ఉంది. అదే శైవ సంప్రదాయానికి చెందిన ప్రబోధశివుడనే ఆచార్యుడు కట్టించాడు. అక్కడి శాసనం 973 నాటిది. ఫొటోల్లో చూసినా ఒక విషయం తెలిసిపోతుంది. పక్కనున్న గుడికి ఉన్న సింగారం మఠానికి లేదు. గుడి గుండ్రంగా, ఎత్తైన శిఖరంతో, ఒళ్ళంతా చెక్కడంతో ఉంటుంది. మఠం మాత్రం రెండంతస్తుల రాతి ఇల్లు. గదులు, స్తంభాల వసారా, దళసరి గోడలు. చెక్కడమంతా చాలావరకు గుమ్మాల దగ్గరే.

ఈ తేడా నాకు చాలా నచ్చింది. గుడి దేవుడి ఇల్లు కాబట్టి చూపరుల కోసం కడతారు. మఠం మనుషుల ఇల్లు కాబట్టి ఉండేవాళ్ళ కోసం కడతారు. మన ఇళ్ళల్లో ముందుగదికీ వంటింటికీ ఉన్న తేడాయే అనుకోండి. ముందుగదిని చూసి ఇల్లు బాగుందంటారు వచ్చినవాళ్ళు. వంటింట్లో గాలి ఆడుతుందా, నీళ్ళు చేతికందుతాయా, సామాను ఎక్కడ సర్దుకోవాలి అన్నది ఉండేవాళ్ళకి తెలుస్తుంది. మఠం వాస్తుని మెచ్చుకోవాలంటే వంటింటిని మెచ్చుకునే కన్ను కావాలి. గోళకీ అన్న పేరు గోళం నుంచి, అంటే గుండ్రటి కట్టడం నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. జబల్పూరు దగ్గర భేడాఘాట్‌లో గుండ్రంగా కట్టిన చౌసఠ్ యోగినీ ఆలయాన్ని చూపిస్తారు.

మందడంలో ఆ వంటింటి గోడలు పడిపోయాయి. కానీ వంటింటి లెక్క మిగిలింది! ఇలాంటి అదృష్టం ఎక్కడా మామూలుగా జరగదు. సాధారణంగా గోడలు మిగిలి, లోపల ఎవరున్నారో తెలియక చరిత్రకారులు తల గోక్కుంటారు. ఇక్కడ అంతా తిరగబడింది.

ఇక అక్షరాలు. శాసనం చాలామటుకు సంస్కృతం, కొంత తెలుగు. దీన్ని చదివి, 1930 ప్రాంతాల్లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులుగారు. వ్యావహారిక భాష మీద కత్తి కట్టిన పంతులుగారే. ఆయనతో భాష విషయంలో మనకి చుక్కెదురు గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ నాలుగు ముఖాల రాతనీ ఓపిగ్గా చదివిపెట్టిన ఉపకారం మాత్రం మరిచిపోలేం.

శాసనం మొదటి భాగం గురుపరంపర. దుర్వాసుడితో మొదలెట్టి, ఒక గురువు తరువాత ఒక గురువుని పొగుడుకుంటూ వస్తాడు కవి. సద్భావశంభువు అనే గురువుకి కలచురి యువరాజదేవుడు మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడంటాడు. మూడు లక్షలు! కవిగారు లెక్కపెట్టి ఉండరు. పెళ్ళిలో మగపెళ్ళివారి ఆస్తి గురించి మధ్యవర్తి చెప్పే తీరు అది. చివరికి మన కథానాయకుడు విశ్వేశ్వర శంభువు వస్తాడు. గౌడదేశంలో, అంటే బెంగాలు వైపు, పూర్వగ్రామంలో పుట్టినవాడు. కాకతి గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు. జడలూ, చెవులకి కుండలాలూ, కొలువుకూటంలో ఆయన కూర్చున్న ఠీవీ, అన్నీ వర్ణించాడు. పద్యం నడకకి లోటు లేదు. కానీ ఇందులో ఏ గురువు ముఖమూ మనకి గుర్తుండదు. ఒకరిని తీసి ఇంకొకరి చోట పెట్టినా తేడా రాదు. పొగడ్తకి ఉన్న జబ్బే అది.

రెండో భాగానికి వచ్చేసరికి కవి పక్కకి తప్పుకుని, లెక్క రాసేవాడు గంటం అందుకున్నాడా అనిపిస్తుంది. అంకెలు ఉన్నట్టుండి చిన్నవైపోతాయి. లక్షలు పోయి ఒకటి, మూడు, అయిదు, పది వస్తాయి. నా మటుకు నాకు అంకెలు చిన్నవైన చోటనే నిజం మొదలైందనిపించింది. దానం ఇస్తానన్నవాడు పెద్ద అంకెలే చెబుతాడు. ఇల్లు నడపాల్సినవాడికి నెలకి ఎంత బియ్యం, ఎంతమంది తినేవాళ్ళు అన్న గొడవే.

ముందు ఊళ్ళ సంగతి. గణపతిదేవుడు మందరం గ్రామాన్ని, అంటే ఇప్పటి మందడాన్ని గురువుకి ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటని చెల్లించింది కూతురు రుద్రమదేవి. చెల్లించి ఊరుకోలేదు. తన వంతుగా కృష్ణాతీరంలోని వెలంగపూండిని కూడా కలిపింది. వెలంగపూండి అంటే వెలగపూడి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది ఆ ఊళ్ళోనే. లెక్కలు రాసే పని ఆ మట్టికి అచ్చివచ్చినట్టుంది!

ఈ ఊళ్ళ మీద వచ్చే ఆదాయాన్ని మూడు వంతులు చేశారు. ఒక వంతు విశ్వేశ్వరస్వామి గుడికి. ఒక వంతు శైవమఠానికీ, అక్కడ చదువుకునే విద్యార్థులకీ. మూడో వంతు ప్రసూతిశాలకీ, ఆరోగ్యశాలకీ, విప్రసత్రానికీ. ఆ తరువాత మనుషుల పట్టీ. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి అయిదుగురు. చెయ్యి తిరిగిన వైద్యుడు ఒకరు. లెక్కలు రాసే కాయస్థుడు ఒకరు. నాట్యం చేసే స్త్రీలు పదిమంది. ఒక కాశ్మీరదేశీయుడు, పాడే స్త్రీలు 14 మంది. వంటవాళ్ళు. వీరభద్రులని పేరుపెట్టిన కావలివాళ్ళు. కంసాలి, కంచరి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, శిల్పి, మేదరి, మంగలి. ఊళ్ళో 60 బ్రాహ్మణ కుటుంబాలకి భూములు. ఆకలితో వచ్చినవాళ్ళకి, బ్రాహ్మణుడి దగ్గర్నుంచి చండాలుడి దాకా, ఎవరికీ లేదనకుండా అన్నం.

చదువుతూ ఉంటే గోడలు వాటంతట అవే లేస్తాయి. ఎనిమిదిమంది ఉపాధ్యాయులంటే పాఠం వినిపించేంత ఎడంలో ఎనిమిది చోట్లు కావాలి, లేకపోతే సామగానంలో తర్కం కలిసిపోతుంది. మద్దెలా పాటా ఉన్న చోట పురిటి గది పెట్టరు. రోగుల శాలకి గాలీ, నీళ్ళూ కావాలి. అంతమందికి వండే పొయ్యి పొగ పోయే దిక్కు చూసుకోవాలి. కుండలు పగులుతూ ఉంటాయి కాబట్టి కుమ్మరి. బుట్టలూ చేటలూ కావాలి కాబట్టి మేదరి. మేదరిని మరిచిపోకుండా రాసినవాడు ఎవడో గానీ, వాడు ఇల్లు నడిపిన మనిషి అమ్మా! పెళ్ళి సామాను పట్టీ రాసేటప్పుడు చేటలూ జల్లెడలూ గుర్తుపెట్టుకునే పెద్దావిడ ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారే, ఆ జాతి.

శాసనంలో మంచి సాహిత్యం ఎక్కడుందని నన్ను అడిగితే, గురువుల వర్ణనలో కాదు, ఈ పట్టీలోనే ఉందంటాను. వర్ణన లేదు, అలంకారం లేదు. ఒక పని తరువాత ఒక పని, ఒక మనిషి పక్కన ఇంకో మనిషి. అయినా చదవడం పూర్తయ్యేసరికి ఒక ఊరు కళ్ళముందు తెల్లవారుతుంది.

ఇప్పుడు ప్రసూతిశాల. రుద్రమదేవి అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది గుర్రం, కత్తి. నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి', అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' చదివిన తరం మనది. 2015లో వచ్చిన సినిమా చూసిన తరం మన పిల్లలది. అన్నిటిలోనూ ఆవిడ మగవేషం కట్టి కత్తి దూస్తుంది. శాసనాల్లో ఆవిణ్ణి రుద్రదేవ మహారాజు అని మగపేరుతో పిలిచిన మాట నిజమే. సింహాసనం ఎక్కాలంటే మగవాడిలా కనబడాల్సిన రోజులు. కానీ ఈ రాతి దగ్గర నిలబడితే ఆవిడ ఇంకోలా కనబడింది నాకు. కత్తి పట్టిన చేత్తోనే పురిటి మంచానికి ఆదాయం రాసిచ్చిన మనిషిగా. కథలు రాసినవాళ్ళకీ, సినిమాలు తీసినవాళ్ళకీ ఇందులో రసం కనబడలేదు కాబోలు. యుద్ధంలో గెలిచిన ఊళ్ళ కన్నా, ఇచ్చేసిన రెండు ఊళ్ళలో నాకెక్కువ కథ కనబడింది.

న్యాయంగా చెప్పాలంటే, ఊళ్ళిచ్చింది రాణి, వాటి ఆదాయాన్ని పంచే ఏర్పాటు చేసింది గురువు. జడలు ధరించి, వేదాంత చర్చలు చేసే మఠాధిపతికి పురిటి నొప్పుల సంగతి ఎందుకు తట్టినట్టు?

మన ఆచారం ఒక్కసారి తలచుకోండి. తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకెళతారు, మూడో నెల పిల్లతో పంపుతారు. పుట్టిల్లున్న ఆడదానికి ప్రసూతిశాల అక్కర్లేదు. మరి అది ఎవరికోసం? తల్లి పోయినవాళ్ళ కోసం. దూరదేశం నుంచి వచ్చి దారిలో నెలలు నిండినవాళ్ళ కోసం. మఠంలో పనిచేసే ఆడవాళ్ళ కోసం. నాట్యం చేసే పదిమందీ, పాటలు పాడే 14 మందీ ఉన్నారే, పురిటికి వాళ్ళని తీసుకెళ్ళే పుట్టిల్లు ఎక్కడుంటుంది? శాసనం ఈ మాట విప్పి చెప్పలేదు. ఇది నా ఊహ. కానీ ఆ పట్టీని పైనుంచి కిందికి చదివిన ఏ ఆడదానికైనా ఈ ఊహ కలగక మానదు. పుట్టిల్లు లేనివాళ్ళకి మఠమే పుట్టిల్లు అయిందన్నమాట.

అలాగని నెత్తిన పెట్టుకుని ఊరేగించడం నా ఉద్దేశం కాదు. ఈ రచనలో లోపాలూ ఉన్నాయి. వైద్యుణ్ణి పట్టీలో వేశారు. లెక్కలు రాసేవాణ్ణి వేశారు. మేదరినీ మరిచిపోలేదు. ప్రసూతిశాల పెట్టారు గదా, మంత్రసాని ఏది? పండితులు ఇచ్చిన వివరాలన్నీ వెదికాను, ఆవిడ నాకు ఎక్కడా తగల్లేదు. గురువుల పేర్లు వరసగా చెప్పిన శాసనం, ఆడినవాళ్ళనీ పాడినవాళ్ళనీ అంకెలుగా వదిలేసింది. అన్నం అందరికీ పెట్టారు. చదువు మాత్రం అందరికీ చెప్పినట్టు లేదు. ఏడు వందల ఏళ్ళ నాటి రాతిని పట్టుకుని ఇప్పటి కొలతలు వెయ్యడం ఏమిటని మీరనవచ్చు. మెచ్చుకోవడమంటే కళ్ళు మూసుకోవడం కాదు గదా! మెచ్చుకున్న చీరకి కూడా అంచు తిప్పి చూస్తాం మనం.

ఇక పుస్తకాల మాట. ఎనిమిదిమంది పండితులు పాఠాలు చెప్పిన మఠంలో ఎన్ని తాళపత్ర గ్రంథాలు ఉండి ఉంటాయి! వాటిలో ఇదీ ఆ మఠం ఆకు అని చూపించడానికి మనకి ఒక్క ఆకు దక్కలేదు. మందడంలో నిలబడి నేను ఎక్కువ బాధపడింది గోడల కోసం కాదు, ఆ ఆకుల కోసం.

తాటాకు పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే మనకి రైలెక్కాల్సిన పని కూడా లేదు. సికింద్రాబాదు నుంచి సిటీబస్సులో తార్నాక వెళితే, ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉంది. తెలుగు, సంస్కృతం, అరబ్బీ, పారశీకం, ఉర్దూ, అన్నీ కలిపి 20 వేలకు పైగా రాతప్రతులున్నాయి. మన ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్న ఈ ధనాగారానికి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? చీరల ఎగ్జిబిషనుకి వెళ్ళినన్ని సార్లు కాదు గదా.

తాటాకు పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే ముందు ఆశ్చర్యం కలిగించేది దాని తేలిక. జానెడు, మూరెడు పొడుగు ఆకులు. కింద ఒక చెక్క, పైన ఒక చెక్క. ఆకుల్లో కన్నాలు, వాటిలోంచి తాడు. రాసే ముందు ఆకుని ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్దుతారు. ఇనుప గంటంతో గీస్తారు. గీసిన అక్షరం అప్పుడు కనబడదు. దీపం మసిని నూనెలోనో ఆకు పసరులోనో కలిపి పూసి తుడిస్తే, గీతల్లో నిలిచిన నలుపు అక్షరాలై తేలుతుంది. నేలమీద ముగ్గు పడినట్టే అనుకోండి, కాకపోతే తెల్లటికి బదులు నలుపు. గంటం ఆకు ఈనె వెంట నిలువునా లాగితే ఆకు చీలిపోతుంది. మన తెలుగు అక్షరం ఇంత గుండ్రంగా తిరగడానికి ఆ తాటాకే కారణమని పెద్దలు చెబుతారు.

ఈ ఆకులకి ఆయుర్దాయం తక్కువ. మన ఎండలకీ, వానలకీ, చెదలకీ తట్టుకుని మూడు నాలుగు వందల ఏళ్ళు నిలబడితే గొప్పే. మందడం మఠం నడుస్తున్న రోజుల్లోనే నెల్లూరులో తిక్కనగారు భారతం చెబుతుంటే గురునాథుడు గంటం పట్టాడని కథ. ఆ గంటం తాకిన ఆకు మనకి లేదు. మరి భారతం ఎలా ఉంది? ఆకు ముదిరి పెళుసెక్కేలోపల ఎవరో ఒకరు కొత్త ఆకు మీదికి ఎక్కించారు. ఆ ఎక్కించిన ఆకు పాడయ్యేలోపల ఇంకొకరు. మజ్జిగ చుక్క తోడు వేసి ఏనాటి పెరుగునో ఈనాటి దాకా తీసుకొచ్చినట్టు. మధ్యలో ఒక్కరోజు తోడు వెయ్యడం మరిచిపోతే అంతే సంగతులు.

మఠాన్ని నేను మెచ్చుకునేది ఇక్కడే. తోడు వెయ్యడం మరిచిపోకుండా ఉండేందుకు చేసుకున్న ఏర్పాటు పేరే మఠం. రాసేవాడికి తిండి ఉండాలి. చదివేవాడికి నీడ ఉండాలి. జబ్బుపడితే వైద్యుడుండాలి. అందుకే వంటవాడూ, కుమ్మరీ, మేదరీ. ఆ మాట ముందే తెలిసినవాళ్ళు కాబట్టి, చదువుని ఆకుల మీద రాసుకుని, చదువుకి కావలసిన ఖర్చుని రాతి మీద రాశారు. పాతకాలంలో కరణంగారు లెక్కలు రాసుకునే తాటాకు పుస్తకాన్ని కవిలె అనేవారు. మందడంలో ఉన్నది రాతి మీద రాసిన కవిలె. రాజులు మారినా, గురువులు మారినా ఈ లెక్క మారకూడదని వాళ్ళ తాపత్రయం.

లెక్క మారలేదు. అక్షరం చెక్కు చెదరలేదు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల రాజ్యం పోయింది. రాజ్యం వెనక ఆ మఠమూ మాసిపోయింది. రాసేవాడికి తిండి లేకపోతే ఆకు ఎన్నాళ్ళని నిలుస్తుంది? మాట మిగిలింది, మాట ఎవరికోసం ఇచ్చారో వాళ్ళు మిగల్లేదు. అంత అందమైన పట్టీ చదివాక నాకు మిగిలిన దిగులు ఇదే. చందుపట్ల శాసనం 1289లో రుద్రమదేవి మరణాన్ని తెలియజేస్తుంది. ఆవిడ పోయాక కూడా చాలాకాలం నిలవాలని ఇచ్చిన ఊళ్ళు ఉన్నాయి, ఆవిడ పేరు ఉంది, మధ్యలో ఉండవలసిన పుస్తకం లేదు.

"రాయి కాబట్టి ఉంది. కాయితమైతే ఎప్పుడో పోయేది" అంది మా వదిన, తిరుగు ప్రయాణంలో. నిజమే గానీ, అందులో సగమే నిజం. రాయి తనంతట తాను నిలబడుతుంది. ఆకుని ఎవరో ఒకరు నిలబెట్టాలి. మన దగ్గరికి చేరిన ఆకులన్నీ ఎవరో ఒకరు నిలబెట్టినవే. గ్రంథం చివర రాసినవాడు చదివేవాళ్ళని బతిమాలుకునే ఆనవాయితీ ఒకటి ఉంది. నీళ్ళ నుంచి, నూనె నుంచి, వదులు కట్టు నుంచి దీన్ని కాపాడండి, తప్పులుంటే మన్నించండి అని. పిల్లని అత్తారింటికి పంపుతూ తల్లి చెప్పే అప్పగింతల్లా ఉంటుంది ఆ వేడికోలు. అప్పగింతలు పెట్టినవాడు మనకి తెలియదు. పుచ్చుకున్నవాళ్ళం మాత్రం మనమే.

అందుకని ఈ చివరి మాట. మీ పుట్టింట్లోనో అత్తవారింట్లోనో అటక మీద, దేవుడి గూట్లో, పాత భోషాణంలో ఎర్రగుడ్డలో చుట్టిన తాటాకు కట్ట ఒకటి ఉందేమో చూడండి. ఏటా దసరాకి పసుపూ కుంకుమా పెట్టి పూజ చేస్తారు, చదివేవాళ్ళు ఉండరు. పెద్దవాళ్ళు పోయాక, "ఇంట్లో ఉంచకూడదు, ఏట్లో కలిపెయ్యండి" అంటారు ఎవరో ఒకరు. అలా కృష్ణలోనూ గోదావరిలోనూ కలిసిన పుస్తకాలకి అంతులేదు. గోదావరి పుష్కరాలు 2027లో. ఆ సంచీలో ఈ కట్టని మాత్రం సర్దకండి. నూనె రాయకండి, తడిగుడ్డతో తుడవకండి, బిగుసుకున్న ఆకుల్ని లాగి విడదీయకండి. పొడిగుడ్డలో చుట్టి తార్నాక తీసుకెళ్ళండి, లేదా మీకు దగ్గర్లో ఉన్న ఏ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికైనా చూపించండి. మీ తాతగారి జాతక చక్రాలే కావచ్చు, పశువుల మందుల చిట్టా కావచ్చు, ఎవరో పాడుకున్న మంగళహారతులు కావచ్చు. ఏమో, మందడం పట్టీలో కనబడని మంత్రసాని చెప్పిన పురిటి మందులే కావచ్చు!